డోరు దగ్గర మనిషి

తెనాలి ఐతానగర్లో కోటిలింగం ఇంటి పెరట్లో ఉన్న మల్లెపొద ఈ వేసవిలో ఆకుతో నిండిపోయింది. లోపలికి చెయ్యి పెడితే మోచేతి దాకా పచ్చదనమే. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. ఏప్రిల్ వెళ్లిపోయింది, మే నెల సగానికొచ్చింది, సాయంత్రమయ్యేసరికి వీధిలో ప్రతి ప్రహరీ మీది నుంచీ మల్లెల వాసన తోసుకొస్తోంది. వీళ్ల పెరట్లో మాత్రం తడిమట్టి వాసన. కోటిలింగం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టుకుని ఆ పొద ముందు గొంతుక్కూర్చుని రెమ్మా రెమ్మా విడదీసి చూసేవాడు. నీళ్లకు లోటు చెయ్యలేదు. ఎండకు మాడిపోకుండా పైన పచ్చ వల కట్టాడు. చుండూరు నుంచి పశువుల ఎరువు బస్తా తెప్పించి పాదులో వేశాడు. ఇన్ని చేస్తే ఏ చెట్టయినా పూయాలి గదా అని అతని వాదన. ఆ వాదన చెట్టుకు ఎక్కలేదు.

కోటిలింగం ఆర్టీసీలో కండక్టరుగా చేసి డిసెంబరులో రిటైరయ్యాడు. తెనాలి నుంచి రేపల్లె, తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా మళ్లీ రేపల్లె. అతని ఉద్యోగమంతా ఈ మూడూళ్ల మధ్యే తిరిగింది. ఏ స్టాపులో ఎవరెక్కుతారో, ఏ మలుపులో నిలబడ్డవాళ్లు తూలతారో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో మాత్రం కళ్లు తెరిచి కూడా చెప్పలేడు. అందుకు ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. డ్యూటీ మనిషి గదా అనేవాళ్లు. తెల్లారకముందు మొదటి బస్సుకు పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చి తిని పడుకునేవాడు. పండగలొస్తే స్పెషల్ బస్సులు, తిరనాళ్లొస్తే మరిన్ని స్పెషల్ బస్సులు. ఊరంతా ఎక్కడికో వెళ్లే రోజున అతను వాళ్లందరినీ తీసుకెళ్లి దించి వచ్చేవాడు.

పెరడు అతనిది కాదు, భార్య లక్ష్మీదుర్గది. దొండపాదు, గోంగూర మడి, కనకాంబరాలు, కరివేపాకు, ఒక నిమ్మచెట్టు, ఈ మల్లెపొద. జనవరిలో కూతురు వీణ రెండో కాన్పుకని ఆవిడ ఒంగోలు వెళ్లాల్సి వచ్చింది. అప్పుడే రిటైరై ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న మొగుడికి పెరడు ఒప్పగించింది. ఒక్కో మొక్క దగ్గర నిలబెట్టి దేనికి ఎంత పొయ్యాలో చెప్పింది. మల్లె దగ్గరికొచ్చేసరికి, దీనికి మాత్రం చుక్క పొయ్యొద్దు, ఆకు దూసేశాను, నేనొచ్చేదాకా ఎండగట్టాలి అంది. కోటిలింగం తలూపాడు.

ఆవిడ వెళ్లిన మర్నాడే చిక్కొచ్చి పడింది. బకెట్టూ మగ్గూ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నీళ్లు పోసుకుంటూ వస్తుంటే, వరసలో ఆ ఒక్కటీ మోడులా నిలబడి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. బస్సెక్కిన వాళ్లలో ఒక్కరిని టికెట్టు కొట్టకుండా వదిలేస్తే అతనికి అన్నం సహించదు. ముందరివాళ్లకీ వెనకవాళ్లకీ ఇచ్చి మధ్యలో ఒకరిని దాటిపోవడం అతని చేతికి రాని పని. మొదటిరోజు అరమగ్గు పోశాడు. పుల్లలే ఉన్నాయని జాలేసి మర్నాడు ఇంకో అరమగ్గు. లక్ష్మీదుర్గ తిరిగొచ్చేసరికి అది గుబురై కూర్చుంది.

ఆవిడ చూసింది. పొద చుట్టూ ఒకసారి తిరిగి, పోశారా అని అడిగింది. ఎండిపోతోందని, అని నసిగాడు కోటిలింగం. మల్లెను చలికాలంలో మాడిస్తేనే వేసవిలో పూస్తుందని, దాని లెక్క దానిదని అప్పుడు చెప్పింది. అతను విన్నాడు గానీ లోపలికి పోలేదు. తిండి పెడితే పూయకపోవడమేంటి, మాడిస్తే పూయడమేంటి.

"దానికేం కావాలో నన్నడగాలి," అంది లక్ష్మీదుర్గ. "మీకేం పెట్టాలనిపిస్తే అది పెట్టడం కాదు."

ఆ వేసవంతా ఆవిడ వీధిలో బుట్ట తెచ్చే మనిషి దగ్గర మూరెడు మల్లెపూలు కొనుక్కుని పెట్టుకుంది. పెరట్లో అంత పొద పెట్టుకుని పూలు కొనడం కోటిలింగానికి ఎబ్బెట్టుగా ఉండేది.

ఇంతలో తిరుగుళ్ల గొడవ మొదలైంది.

పక్కింటి నగ్మా జాకెట్లు కుడుతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆమె, ఆ వరసలోని మరికొందరు ఆడవాళ్లు కలిసి ఆదివారం ఆదివారం ఎటో ఒకవైపు బయల్దేరడం అలవాటు చేసుకున్నారు. ఒక వారం కొండ, ఒక వారం రేవు, ఒక వారం ఎవరో చెప్పిన బిరియానీ హోటలు. సాయంత్రం మొహాలు కమిలిపోయి, చెప్పుల్లో ఇసుకతో వచ్చి, ఆ వారమంతా గోడ మీది నుంచి కబుర్లు చెప్పేవాళ్లు. లక్ష్మీదుర్గ దొండకాయలు కోస్తూ వినేది. ఓసారి నగ్మా, మీరు కండక్టరు గారి భార్య గదక్కా, ఇవన్నీ ఎప్పుడో చూసేసుంటారు అంది. లక్ష్మీదుర్గ కోసిన దొండకాయలు కొంగులో పోసుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది, ఈ వేసవిలో ఆదివారాలు నన్ను తిప్పండి అని.

కోటిలింగం సంబరపడ్డాడు. వెంటనే ఎటూ తోచలేదు కూడా. ఎక్కడికి అని అడిగాడు.

"మీరు తిరిగిన చోట్లకే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని వెళదాం. అంతకన్నా ఏమొద్దు."

అంతేనా అనుకున్నాడు. అది ఎంత పనో అప్పుడు తెలియలేదు.

మొదటి ఆదివారం రేపల్లె. అక్కడి నుంచి పెనుమూడి వారధి మీదికి పోయి సాయంత్రం గాలికి కృష్ణను చూసి రావాలని అనుకున్నారు. తెనాలి బస్టాండులో బస్సెక్కి భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పక్క సీట్లో సంచి పెట్టాడు. బస్సు కదులుతుంటే ఎవరో పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడే వస్తా అని లేచి వెళ్లి ఆయనకు చెయ్యి అందించాడు. ఆయన వెనకాలే ఇంకొకరు. ఆ తర్వాత లోపల దారి ఇరుకైంది. దారి ఇరుకైతే జరగండి అనకుండా కోటిలింగం నోరు ఊరుకోదు. ఆ బస్సు కండక్టరు సాయి సుధ అనే అమ్మాయి. అతని దగ్గరే పని నేర్చుకుంది. కూర్చోండి సార్, కూర్చోండి సార్ అని చెప్పి చెప్పి చివరకు తనే టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది. అతను డోరు దగ్గరే ఉన్నాడు. సంచి తీయించుకుని కూర్చున్న ఒకావిడ, ఆ డోరు దగ్గరాయన మీకు తెలుసాండి అని లక్ష్మీదుర్గను అడిగిందట. బస్సు తాలూకు మనిషండి అని చెప్పిందట ఈవిడ.

రేపల్లెలో దిగగానే కంట్రోలరు గదిలోకి తొంగిచూశాడు. లోపల జగన్నాథరావు ఉన్నాడు, పాత స్నేహితుడు. పలకరించి వద్దామని లోపలికి వెళ్లాడు. అప్పుడే ఒక బస్సు టైరు పోయి సర్వీసు ఆగింది, దాని బదులు ఏది పంపాలా అని అక్కడ తర్జనభర్జన జరుగుతోంది. కోటిలింగానికి ఆ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. బయటికి వచ్చేసరికి లక్ష్మీదుర్గ బల్ల మీద అదే భంగిమలో కూర్చుని ఉంది. పెనుమూడి బస్సులు వచ్చాయి, వెళ్లాయి. ఒళ్లో వేరుశనగపప్పు పొట్లం ఖాళీగా ఉంది. పొద్దు వాలిపోయింది. ఇంక ఇంటికే పోదాం అందావిడ.

తిరుగు బస్సులో ఆవిడే డోరు దాకా వచ్చి అతని పక్కన నిలబడి చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఇంకొక్క ఆదివారం చూస్తాను. బాపట్ల తీసుకెళ్లి సముద్రం చూపించండి. ఈసారీ మీరు బస్సుతోనే ఉంటే, పై వారం నుంచి నేను నగ్మా వాళ్లతో పోతాను. మీరు చెట్లు చూసుకోండి. తగువేం లేదు."

తగువేం లేదు అన్న మాటకే అతను ఎక్కువ భయపడ్డాడు.

ఆ వారమంతా కోటిలింగం పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం సాధన చేశాడు. నవ్వొచ్చే మాటే గానీ నిజం. కూర్చుంటే కాళ్లు వాటంతటవే ఎడంగా జరిగేవి. చేతులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. కాసేపటికి లేచి దేనికో దానికి నీళ్లు పోసొచ్చేవాడు. లక్ష్మీదుర్గ వంటింటి కిటికీలోంచి చూసేది. గోంగూర కుళ్లిపోతుందేమోనని బకెట్టు తీసి లోపల పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరారు. రోహిణి కార్తె ఎండ, తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. తెనాలి నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల దాకా కోటిలింగం నిజంగానే భార్య పక్కన కూర్చున్నాడు. పొన్నూరులో ఒక ముసలమ్మ ఎక్కలేక తంటాలు పడుతుంటే లేవబోయి, భార్య మొహం చూసి, మళ్లీ కూర్చున్నాడు. ముసలమ్మ తనంతట తనే ఎక్కింది. అది కూడా అతనికి ఆశ్చర్యమే. లక్ష్మీదుర్గ కిటికీ లోంచి ఊళ్లు చూసింది. ఆ గుడి ఏంటి, ఆ కాలవ ఎటు పోతుంది, అందులో నీళ్లు ఎందుకు లేవు అని అడిగింది. ఎండాకాలం కాలవలు కట్టేస్తారుగా అని చెప్పాడు. గుడి సంగతి తెలియదు. దాని ముందు స్టాపు ఉందని మాత్రం తెలుసు.

బాపట్లలో సూర్యలంక బస్సు ఎక్కారు. తడుస్తాయేమోనని ఇద్దరి ఫోన్లూ ఆవిడ సంచిలోనే వేసుకుంది. ఆ బస్సుకు కండక్టరు లేడు. డ్రైవరే టికెట్లు కొట్టి, డ్రైవరే తోలుకుపోయే బస్సు. ఆదివారం కావడంతో జనం విరగబడ్డారు. లక్ష్మీదుర్గకు ముందువైపు సీటు దొరికింది, అతనికి దొరకలేదు. వెనక నిలబడటం అతని తప్పు కాదు. ఈ మాట తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఊరు దాటాక జీడిమామిడి తోపుల దగ్గర బస్సాగింది. ఇద్దరు దిగారు. కింద ఒకామె పెద్ద తట్టతో నిలబడి ఎక్కలేకపోతోంది. వెనక డోరు దగ్గర ఉన్నది కోటిలింగం. కిందికి దిగి తట్ట పైకి అందించాడు. ఆమెను ఎక్కించాడు. వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అని రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. డోరు లాగి వేశాడు. బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్, పోనీ," అన్నాడు.

బస్సు పోయింది.

దుమ్ము అణిగేదాకా నిలబడి చూశాడు. ఆలస్యం లేకుండా, తొక్కిసలాట లేకుండా సాఫీగా కదిలించానని అనుకున్నాడు. ఆ తృప్తి ఒక నిమిషం ఉంది. అప్పుడు ఎండ నెత్తి మీద చురుక్కుమంది. ఎందుకు చురుక్కుమందో ముందు అర్థం కాలేదు. తన నెత్తి మీద బస్సు కప్పు లేదు.

రోడ్డు ఖాళీగా ఉంది. చేతులు చూసుకున్నాడు. ఆ చేతులతోనే డోరు వేశాడు. భార్యను లోపల పెట్టి, తను బయట నిలబడి, పోనీ అన్నాడు. ఎంత ఆలోచించినా అది తను చేసిన పనిలా లేదు, ఎవరో చేస్తుంటే చూసినట్టుంది.

తోపు మొదట్లో సోడాబండి ఉంది. అక్కడాయన్ని బతిమాలి ఫోను తీసుకున్నాడు. భార్య నంబరు గుర్తు లేదు. తన ఫోనుకే చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక బస్సు మోత, పిల్లల అరుపులు.

"ఎవరండి? ఆయన వెనక డోరు దగ్గరున్నారు. బస్సు దిగాక చేస్తారులెండి," అంది లక్ష్మీదుర్గ.

అంత నమ్మకంగా చెప్పింది ఆవిడ. కోటిలింగం వెనక్కి తిరిగి చూశాడు. నిజంగా తనెక్కడో డోరు దగ్గర ఉన్నానేమో అన్నట్టు.

"సరేనండి," అన్నాడు.

ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. సోడాబండాయన, ఏమన్నారు అని అడిగాడు. నేను బస్సులోనే ఉన్నానంట అని చెప్పాడు కోటిలింగం. ఆయన ఇతన్ని పైనుంచి కిందికి చూసి, నీళ్లు తాగండి ముందు అని సీసా ఇచ్చాడు.

ఆటోలు నిండిపోయి వస్తున్నాయి. కొంతదూరం నడిచాడు. రోడ్డు సెగకు ముందంతా నీళ్లున్నట్టు మెరుస్తోంది. ఆ నడకలో అతన్ని తొలిచింది ఎండ కాదు. ఆవిడ గొంతులో కంగారు లేదు. కోపమైనా లేదు. ఆయన ఎక్కడో వెనకాలుంటారు, తర్వాత వస్తారు. ఇన్నేళ్లూ చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ, పాలవాడికీ, పిల్ల స్కూలు టీచరుకీ ఆవిడ ఇదే మాట చెప్పి ఉంటుంది. ఇదే గొంతుతో చెప్పి ఉంటుంది. ఉన్నాడో లేడో వెనక్కి తిరిగి చూడాల్సిన పని ఆవిడకు ఎప్పుడూ పడలేదు. ఇది తన మీద నమ్మకమా, తన మీద వదులుకున్న ఆశా అన్నది అతనికి తేలలేదు. ఎవరినైనా అడుగుదామంటే రోడ్డు మీద మేకలు తప్ప ఎవరూ లేరు. చివరికి ఒక కుటుంబం తమ ఆటోలో జరిగి చోటిచ్చింది.

సూర్యలంకకు అతను ఎన్నిసార్లు వచ్చాడో. కార్తీకమాసంలో స్నానాల స్పెషల్ బస్సులన్నిటికీ డ్యూటీ పడేది. అయితే బస్సు తిరిగే చోటు వరకే. అక్కడ జనాన్ని దించి, వెళ్లేవాళ్లను ఎక్కించుకుని, బండి తిప్పుకుని పోవడమే. సర్వి చెట్ల అవతల ఏదో పెద్ద శబ్దం వస్తుండేది. అదే సముద్రమని తెలుసు. ఇవాళ ఆ చెట్లు దాటి ఇసుకలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంత ఉంటుందని అనుకోలేదు. ముందెటో వెనకెటో తెలియలేదు. జనం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నారో తెలియలేదు. వరస లేదు, దారి లేదు. తడిసిన చీరల్లో ఆడవాళ్లందరూ ఒకేలా ఉన్నారు. వచ్చిన బస్సు అప్పటికే తిరిగి వెళ్లిపోయింది.

ఆ చివరి దాకా పోయి వచ్చాడు. కేకేద్దామంటే అలల హోరు. తాటిముంజెలు అమ్మే బేబీ అనే ఆమె ఇతని వాలకం చూసి పిలిచింది.

"ఎవర్ని వెతుకుతున్నావు బాబాయ్?"

"మా ఆవిడని."

"ఏం చీర కట్టుకుంది? చెప్తే నేనూ చూస్తా."

కోటిలింగం నోరు తెరిచాడు. పొన్నూరులో ఎక్కిన ముసలమ్మది తెల్లచీర. తోపు దగ్గర తట్ట పట్టుకున్నామెది కాఫీరంగు చీర, అంచు నల్లన. చేబ్రోలులో దిగినామె చేతిలో రాగి చెంబు ఉంది. తన పక్కన పొన్నూరు మీదుగా బాపట్ల దాకా భుజానికి భుజం తగులుతూ కూర్చున్న మనిషి ఏం కట్టుకుందో ఎంత తవ్వినా తేలలేదు.

"తెలియదమ్మా," అన్నాడు.

"ఇంట్లోంచి కలిసే వచ్చారా?"

"కలిసే వచ్చాం."

బేబీ పక్కబుట్ట ఆమె వైపు తిరిగి, "కలిసే వచ్చారంట," అంది. ఇద్దరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది అనిపించింది అతనికి. బేబీ ఒక ముంజె ఒలిచి చేతిలో పెట్టింది. దాన్ని తినాలా పట్టుకోవాలా తెలియక పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఒడ్డున పోలీసు గుడారం మీది మైకు గరగరమంది. తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు. ఆ తర్వాత తన పేరు వినపడింది. తెనాలి నుంచి వచ్చిన కోటిలింగం గారు ఎక్కడున్నా ఇక్కడికి రావాలి అని. ఆ మైకు మనిషి అక్కడితో ఆపలేదు. ఎవరో పక్కన ఉండి చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు అందిస్తున్నట్టుంది.

"మనిషి పొడుగ్గా, సన్నగా ఉంటారు. నీలం గళ్ల చొక్కా. పై గుండీ ఊడింది, లోపల పిన్నీసు పెట్టి ఉంటుంది. సంచి మోసీ మోసీ కుడి భుజం కొంచెం కిందికి ఉంటుంది. కాళ్లు ఎడంగా వేసి నడుస్తారు. ఎండకు కుడికన్ను నీరు కారుతుంది, తుడుచుకోరు. ఎవరన్నా ఏదన్నా ఎక్కుతుంటే చెయ్యి అందిస్తుంటారంట. అట్లాంటి చోట చూడండి."

కోటిలింగం కాలరు లోపల తడిమాడు. పిన్నీసు ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. భుజాలు చూసుకుందామని తల వంచితే కుడికంటి నీరు చేతిలో ముంజె మీద పడింది. బేబీ అతన్నీ మైకునీ మార్చి మార్చి చూసి, నువ్వే బాబాయ్, పో అంది. ఇంకా అక్కడే నిలబడితే, వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి గుడారం వైపు తిప్పింది.

లక్ష్మీదుర్గ గుడారం నీడలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముదురాకుపచ్చ చీర. చీరాల నేత, పసుపు అంచు. అతను ముందు దాన్నే చూశాడు.

"ఆకుపచ్చ చీర," అన్నాడు.

ఎక్కడికి పోయారు అని అడిగింది ఆవిడ. నిజం చెప్పేశాడు. కిందికి దిగాను, తట్ట ఎక్కించాను, డోరు నేనే వేశాను, బస్సును నేనే పంపించేశాను అని. పక్కనున్న పోలీసాయన అర్థంకాక, మీరే పంపించారా అని రెండోసారి అడిగాడు. లక్ష్మీదుర్గ అతని మొహంలోకి అట్లాగే చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. ఆవిడకు తెలిసినట్టూ లేదు. పోలీసాయనే అసలు సంగతి చెప్పాడు. బస్సు దిగి డ్రైవరు మీదికి పోయిందంట, వెనక డోరు దగ్గర మనిషి ఏడీ అని. ఈ బస్సుకు కండక్టరు లేడమ్మా అన్నాడంట డ్రైవరు. కండక్టరు కాదయ్యా, మా ఆయన అని అరిచిందంట.

ఇసుకలోకి నడుచుకుంటూ పోయారు. ఫోను చేసింది మీరేనా అని అడిగింది లక్ష్మీదుర్గ.

"నేనే."

"సరేనండి అన్నారుగా?"

"నువ్వు చెప్పిన తీరుకి సరే అనాలనిపించింది."

లక్ష్మీదుర్గ సముద్రం వైపు చూస్తూ అంది.

"ఇన్నేళ్లూ మీరు ఇంట్లో లేకపోతే నాకెప్పుడూ భయం వెయ్యలేదు. ఎక్కడో బస్సులో ఉంటారని ధైర్యంగా ఉండేది. ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే డోరు దగ్గర ఎవరూ లేరు."

కోటిలింగం ఆ మాటలు మళ్లీ మనసులో అనుకుని చూశాడు. తను తప్పు చేసినందుకు కోప్పడుతోందా, ఇంకేదైనా చెబుతోందా. పొగిడితే ఎలా ఉంటుందో, తిడితే ఎలా ఉంటుందో తెలుసు. ఇది రెండూ కాదు. అప్పటిదాకా చేతిలో పట్టుకున్న ముంజె ఆవిడకు ఇచ్చాడు. అది వెచ్చబడిపోయింది. ఆవిడ సగం తిని సగం అతనికిచ్చింది.

నీళ్లలోకి దిగారు. మడమల దాకా, తర్వాత పిక్కల దాకా. అల వచ్చి వెనక్కి పోతున్నప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే లక్ష్మీదుర్గ చిన్నపిల్లలా కెవ్వుమంది. ఇప్పుడేం చెయ్యాలి అని అడిగాడు కోటిలింగం. ఏం చెయ్యక్కర్లేదు, నిలబడండి అంది. నిలబడటం అతనికి వచ్చిన పనే. అయినా కదలని చోట నిలబడటం వేరు. పక్కన ఒక పెద్దాయన అలకు తూలితే చెయ్యి అటు పోబోయింది. పోనిచ్చాడో ఆపాడో తనకే తెలియకుండా ఆ చెయ్యి మధ్యలో ఆగింది. లక్ష్మీదుర్గే అవతల నుంచి వంగి ఆ పెద్దాయన్ని పట్టుకుంది. పొద్దు సర్వి చెట్ల వెనక్కి దిగేదాకా అట్లాగే ఉన్నారు.

అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఈ ఆదివారం తను నెగ్గాడా, ఓడాడా. బస్సుతోనే ఉండలేదు, నిజం. బస్సే తనను వదిలేసి పోయింది. దాన్ని ఏ పద్దులో వెయ్యాలో ఆవిడే చెప్పాలి. ఆవిడ చెప్పడం లేదు. చీర పిండుకుంటోంది.

తిరుగు బస్సుకు ముందుగా వచ్చి ఎక్కారు. ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. కోటిలింగం కిటికీ వైపు ఆవిడను కూర్చోబెట్టి, తనూ కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎవరు ఎక్కుతున్నా డోరు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ముందు సీటు వెనక రాసిన రాతలన్నీ చదివాడు. బస్సు నిండింది. కాళ్లు పెట్టే చోటు లేదు. అప్పుడొకామె చంటిపిల్లను ఎత్తుకుని, ఇంకోచేత్తో కమ్మీ పట్టుకోలేక, సరిగ్గా అతని సీటు పక్కనే వచ్చి నిలబడింది. పిల్ల ఎండదెబ్బకు సోలిపోయి తల్లి భుజం మీద తల వేలాడేసింది.

కోటిలింగం భార్య వైపు చూశాడు. లేస్తే ఏమవుతుందో తెలుసు. లేవకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. చూస్తూ ఉండిపోయాడు.

లక్ష్మీదుర్గ లేచింది. "రామ్మా, కూర్చో," అని ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తను బయటికొస్తూ మొగుడి మోకాలు తట్టింది.

"ఆ వెనక ముసలాయన్నీ కూర్చోమనండి. మనం నిలబడదాం."

అతను లేచాడు. ఇద్దరూ నడవలో నిలబడ్డారు. బస్సు కదిలేసరికి లక్ష్మీదుర్గ తూలింది. ఆవిడ చెయ్యి పైకమ్మీకి అందలేదు. అతని చొక్కా పట్టుకుంది. కాళ్లు ఎడంగా పెట్టు, మలుపొస్తోంది అని చెప్పాడు. పెట్టింది. మలుపు వచ్చింది, పోయింది. ఆవిడ తూలలేదు. ఇది బాగానే ఉందే అంది.

బాపట్ల దీపాలు కనపడుతుండగా, వచ్చే ఆదివారం ఎక్కడికి పోదాం అని అడిగింది.

కోటిలింగం ఆలోచించాడు. స్టాపుల పేర్లన్నీ నోటికొచ్చిన మనిషి. తెనాలి వైపు చూసుకున్నాడు, రేపల్లె వైపు చూసుకున్నాడు. జనం దిగే చోట్లు గుర్తొస్తున్నాయి గానీ, దిగి వాళ్లు ఎక్కడికి పోయేవాళ్లో ఒక్కటీ తట్టలేదు.

"ఏమో దుర్గా. నాకు ఒక్క ఊరూ గుర్తు రావటం లేదు."

"సరే, నేను చెప్తాలెండి," అంది లక్ష్మీదుర్గ, అతని చొక్కా వదలకుండా.